మిస్డ్ కాల్ ఎత్తిన మెషీను

మా టీ ఫ్యాక్టరీలో నలభై ఆరు ఫోన్లున్నాయి. బాయిలర్ గదిలో ఒకటి, ఆకు వడలబెట్టే మేడ మీద రెండు, గేటు దగ్గర ఒకటి, క్యాంటీన్లో ఒకటి, మిగతావి ఆఫీసు బల్లల మీద. అన్నీ నల్లవే, అన్నిటికీ అరచేతిలో సగమంత తెర ఉంటుంది. అన్నీ చక్కగా మోగుతాయి, దేన్ని ఎత్తినా అవతలివాళ్ల మాట వినిపిస్తుంది. దీని వెనక ఒక మనిషి ఉందని మామూలు రోజున ఎవరికీ తట్టదు. ఫోను మూగబోయిన రోజున మాత్రం అందరికీ ఒకేసారి గుర్తొస్తుంది. "అకీకీ! నా ఫోను చచ్చింది, వచ్చి చూడు!" అని నాలుగు గదుల్లోంచి నాలుగు కేకలు వినిపిస్తాయి. బాగైనప్పుడు ఎవరూ కేక వేయరు.

ఆవిడ అసలు పేరు లియోనిడా కబహెండా. కానీ ఉగాండాలోని మా తోరోలో ఎదుటి మనిషిని ఉత్త పేరు పెట్టి పిలిస్తే కయ్యానికి కాలు దువ్వినట్టే. పుట్టిన ప్రతి బిడ్డకీ పేరుతో పాటు ఒక ఎంపాకో పెడతారు, మర్యాదకీ ముద్దుకీ అదే పిలుపు. అవి మొత్తం పన్నెండు. ఒకటి రాజుగారిది, దాని జోలికి ఎవరూ వెళ్లరు. మిగిలిన పదకొండింటినే మేమందరం పంచుకుంటాం. ఆవిడ అకీకి. నేను అరాలిని, లారీల గుమాస్తాని. పంతొమ్మిదేళ్లుగా మా ఇద్దరి బల్లలూ ఎదురెదురుగానే ఉన్నాయి కాబట్టి నేను చెప్పేది ఎవరి దగ్గరో విన్నది కాదు.

అకీకి ఇరవై రెండేళ్ల వయసులో టెలిఫోన్ ఆపరేటరుగా చేరింది. అప్పట్లో ఆవిడ ముందు చిల్లుల బోర్డు, తాళ్లలాంటి వైర్లు ఉండేవట. తర్వాత బొత్తాల పెట్టె వచ్చింది. ఆవిడ మాత్రం అదే కుర్చీలో ఉండిపోయింది. పెళ్లి చేసుకోలేదు. చనిపోయిన చెల్లెలి కూతుళ్లిద్దర్నీ తెచ్చుకుని ఫ్యాక్టరీ కింద కంపెనీ ఇచ్చిన రెండు గదుల ఇంట్లో పెంచుతోంది. ఇంటి వెనక పదకొండు అరటి చెట్లు, కంచె మీద పాషన్ ఫ్రూట్ తీగ. ఆదివారం ఆ ఇంటికి వెళ్తే పొట్టు తీసిన చిక్కుడు గింజల కూర, రాగి ముద్ద పెట్టకుండా పంపదు. ఆ ఇల్లు ఉద్యోగంతో పాటు వచ్చింది. ఉద్యోగం పోతే ముప్పై రోజుల్లో ఖాళీ చేయాలి.

ఇక ఆవిడ పని. కొండల్లో మాకు ముప్పై ఒక్క ఆకు షెడ్లున్నాయి. చుట్టుపక్కల రైతులు పొద్దున్న కోసిన ఆకు అక్కడికి తెస్తారు, షెడ్డు గుమాస్తా తూకం వేసి మాకు కబురు పెడతాడు, నేను లారీ పంపుతాను. కోసిన రోజునే ఆకు ఫ్యాక్టరీకి చేరాలి. లేకపోతే గోతాల్లోనే వేడెక్కి నల్లబడిపోతుంది, అప్పుడది మేకలు కూడా ముట్టవు. ఆ కబురు ఎలా వస్తుందంటే, మిస్డ్ కాల్. ఒక రింగైతే ఆకు సిద్ధం. రెండైతే లారీ బురదలో కూరుకుపోయింది. మూడైతే కాటా దగ్గర గొడవ. అకీకి నంబరు చూసి వెనక్కి చేస్తుంది. ముందు ఎంపాకో పెట్టి పలకరింపు, తర్వాత ఇంటి సంగతులు, ఆ తర్వాత ఎప్పటికో కిలోలు.

"ముందు కిలోలు అడుగవే తల్లీ, డ్రైవరు నిద్రపోతున్నాడు!" అని నేను ఇటునుంచి మొత్తుకునేవాణ్ణి.

ఆవిడ ఫోనుకి చెయ్యి అడ్డం పెట్టి, "నీ లారీ ఆగుతుంది అరాలీ. ఆయన మనవడికి జ్వరం, అది ఆగుతుందా?" అనేది.

నాకు ఒళ్లు మండేది. కానీ ఆ ముప్పై ఒక్క మందిలో ఒక్కడు కూడా ఆవిడకి తూకం తప్పు చెప్పగా నేను చూడలేదు.

ఐదేళ్ల కిందట రాజధాని కంపాలా నుంచి కొత్త మేనేజరు వచ్చాడు. పేరు రుసోకే. మా తోరోవాడే, ఎంపాకో అమూటి. ఆఫీసులో ఒక్క అమూటీలే ఎనిమిది మంది ఉన్నారని, కాగితాలు ఒకరివి ఒకరికి పోతున్నాయని, ఇకనుంచి ఆఫీసులో ఎంపాకోలు వద్దు, ఇంటిపేర్లు వాడండని నోటీసు అంటించాడు. ఆయన ముందు అందరూ ఇంటిపేర్లే వాడేవాళ్లు, తలుపు దాటాక మామూలే. ఆయన్ని మాత్రం అందరూ 'సర్' అనేవాళ్లు. నిజం చెప్పాలంటే మనిషి చెడ్డవాడు కాదు. కాగితం మీద లేనిది లోకంలో లేదనుకునే రకం, అంతే.

ఆ తర్వాత ఇంటర్నెట్ ఫోన్లు పెట్టించాడు. కంప్యూటర్లకి వెళ్లే వైరే ఫోన్లకీ వెళ్తుంది, కరెంటు కూడా ఆ వైరులోంచే వస్తుంది. అన్నిటినీ నడిపించే పెట్టె ఒకటి స్టోరు గదిలో ఆకుపచ్చ దీపాలు ఆర్పుతూ వెలిగిస్తూ కూర్చుంటుంది. బయటివాళ్లు చేస్తే మెషీనే ఎత్తి, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అంటుంది. కాబట్టి మూడు నెలల తర్వాత ఆపరేటరు అక్కర్లేదని రుసోకే ఆవిడకి ముఖం మీదే చెప్పాడు. ఉద్యోగం ముగింపు కాగితం ఇచ్చే రోజు కూడా చెప్పాడు, మార్చి ఆఖరి శుక్రవారం.

ఇంకొకరైతే ఏడ్చి ఊరుకునేవాళ్లు. ఈవిడ ఫోన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు వెంట పడింది. అతని పేరు లుబ్వామా, కంపాలావాడు, వాళ్లకి ఎంపాకోలు ఉండవు. రెండో రోజే అతనికి అబ్వోలి అని పెట్టేసింది.

"నాకెందుకమ్మా ఇది?" అన్నాడతను.

"పిలవడానికి పిలుపే లేని మనిషి దగ్గర పాఠం ఎలా చెప్పించుకోను? కూర్చో అబ్వోలీ. ఈ నంబరు ఈ ఫోనుకే వెళ్లాలని పెట్టెకి ఎలా తెలుస్తుంది? మెల్లగా చెప్పు."

అలా నేర్చుకుంది. ప్రతి ఫోనుకీ పెట్టెలో ఒక చిరునామా ఉంటుందని, ఎక్స్‌టెన్షన్ నంబరు దానికి కట్టాలని, ఫోను మూగబోతే ముందు చూడాల్సింది ఫోను కాదు, వైరు అని ప్రార్థన పుస్తకం వెనక పేజీల్లో రాసుకుంది. తప్పులూ చేసింది. ఒకసారి మేనేజరు నంబరే బాయిలర్ గదికి కూడా కట్టేసింది. మేనేజరు భార్య చేస్తే బాయిలర్ దగ్గరుండే అపూలి ఎత్తాడు. "సాయంత్రం పాలు తెస్తారా?" అని ఆవిడ అడిగింది. "తెస్తానమ్మా, ఏ ఇంటికి?" అని వీడన్నాడు. పాలు తీసుకెళ్లి ఇచ్చాడు కూడా. నెల తిరిగేసరికి లుబ్వామా కంపాలా వెళ్లిపోయాడు, ఇక్కడ ఏది ఆగినా అకీకే చూసుకుంది. దానికి జీతంలో ఒక్క షిల్లింగు పెరగలేదు.

మెషీను గొంతుని ఆ ఆఖరి వారం సోమవారం పొద్దున్న ఆన్ చేశారు. మీట నొక్కింది అకీకే, లుబ్వామా రాసిచ్చిపోయిన కాగితం చూసి, ఒక్క గడి తప్పకుండా. అందులో రికార్డు చేసిన కంపాలా అమ్మాయి గొంతు తేనెలా ఉంది. రుసోకే తన సెల్లు నుంచి చేసి చూసుకుని మురిసిపోయాడు.

ఆ రోజు పై కొండ షెడ్ల నుంచి కబురు రాలేదు. మంగళవారమూ రాలేదు. కింది షెడ్లకి డ్రైవర్లు అలవాటు కొద్దీ వెళ్లి ఆకు తెస్తున్నారు కాబట్టి నేను పెద్దగా పట్టించుకోలేదు. పైన వడగళ్లు పడ్డాయేమో, కోత ఆగిందేమో అనుకుని నలుగురు డ్రైవర్లతో పేకాట ఆడుతూ కూర్చున్నాను. ఇది చెప్పుకోవడానికి నాకే సిగ్గుగా ఉంది.

బుధవారం పది గంటలకి ఒక మోటారు సైకిలు గేట్లోంచి దూసుకొచ్చింది. వెనక కూర్చున్నది పైకొండ షెడ్డు గుమాస్తా ర్వకైకర, డెబ్బై దాటిన మనిషి, ఎంపాకో అటెన్యి. ఒళ్లో గోతం పెట్టుకున్నాడు. ఎవరినీ పలకరించకుండా నేరుగా మేనేజరు గదిలోకి వెళ్లి గోతాన్ని బల్ల మీద బోర్లించాడు. నల్లగా ముద్దకట్టిన ఆకు. గదంతా పులిసిన వాసన.

"రెండు రోజుల ఆకు బాబూ ఇది! నా ఒక్క షెడ్డులోనే తొమ్మిది వందల కిలోలు. ఆడవాళ్లు వానలో తడిసి కోసిన ఆకు. ఇప్పుడు నేను వాళ్లకి ఏ మొహం చూపించను?"

"మీరు ఫోన్ చేయాల్సింది కదా," అన్నాడు రుసోకే.

"చేశాను! ఆరు సార్లు మిస్డ్ కాల్ ఇచ్చాను. ఇచ్చిన ప్రతిసారీ రింగు పడకముందే ఎవరో పిల్ల ఎత్తేస్తుంది! మిస్డ్ కాల్ ఎత్తుతారా ఎవరైనా? దొంగతనం కాదూ అది? నా సెల్లులో డబ్బులన్నీ అదే మింగేసింది. పోనీ ఎత్తింది, నా ఎంపాకో అడగాలా వద్దా? అమ్మాయీ, నేను అటెన్యిని, నువ్వెవరి బిడ్డవి అని నేనే అడిగాను. పలకదే! ఒకటి నొక్కు, రెండు నొక్కు అంటుంది. ఎక్కడ దొరికిందయ్యా మీకు ఆ మర్యాద లేని పిల్ల?"

తలుపు దగ్గర మూగినవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. రుసోకే మొహం ఎర్రబడింది. ఆయన చూపు మా అందరి మీదుగా వెళ్లి అకీకి మీద ఆగింది.

"మిస్ కబహెండా, ఆ పెట్టె పాస్‌వర్డు మీ దగ్గరే ఉంది కదా. కుర్చీ పోతుందని మీరు కావాలనే ఇలా పెట్టారా?"

ఇరవై మంది ముందు అడిగాడు. ఆ మాట విన్నప్పుడు ఆయన్ని కొట్టాలనిపించింది నాకు. కొట్టలేదు, నా ఇల్లూ కంపెనీదే. అకీకి నేరుగా స్టోరు గదిలోకి నడిచింది. నేనూ వెంట వెళ్లాను.

పెట్టెలో ప్రతి కాల్ నమోదవుతుంది. ఆవిడ రెండు రోజుల పట్టీ తెర మీదకి తెచ్చి వేలితో ఒక్కో వరుసా దిగుతూ చదివింది. "నాలుగు సెకన్లు. ఇది పైకొండ అటెన్యి. నాలుగు సెకన్లు. ఇది వాగు షెడ్డు ఆడ్యేరి. ఐదు. మళ్లీ అటెన్యి. ఇది చర్చి దగ్గర అచాలి, పాపం పదకొండు సార్లు." నంబర్ల పక్కన పేర్లేమీ లేవు. అన్నీ ఆవిడ తలలోనే ఉన్నాయి. చివరి వరుస చదివాక మణికట్టుతో కళ్లు తుడుచుకుంది.

"నాదే తప్పు అరాలీ. బయటి నుంచి రోజుకి ఎన్ని కాల్స్ వస్తాయని అబ్వోలి అడిగాడు. నేను ఎత్తిన కాల్స్ రాసే పుస్తకం తిరగేసి ఏడో ఎనిమిదో అన్నాను. ఎత్తని మిస్డ్ కాల్స్ అందులో ఉండవు కదా. అవి నాకు గుర్తే రాలేదు. ఇరవై ఏడేళ్లు చేసిన పని, నేనే దాన్ని పని అనుకోలేదు."

"ఏడవకు, లారీలు ఖాళీగా ఉన్నాయి," అన్నాను. నాకు చేతనైన ఓదార్పు అదే.

ముక్కు చీదుకుని లుబ్వామాకి ఫోన్ చేసింది. సంగతి విని అతను నవ్వలేదు, అందుకు అతనంటే నాకు గౌరవం. "ఎత్తడమే కదమ్మా దాని పని. ఎత్తకుండా ఉండమని ఎలా చెప్తాం?" అన్నాడు.

"చెప్పొచ్చు. ఎన్ని సెకన్లకి ఎత్తాలో ఒక గడి ఉంది, అందులో సున్నా ఉంది. మన షెడ్ల నంబర్లకి మాత్రం ఎత్తనే వద్దని పెడితే?"

"పెట్టొచ్చు. వాళ్లు ఫోను పెట్టేశాక ఆ పెట్టె తనంతట తనే తిరిగి చేసేలా కూడా పెట్టొచ్చు."

"తిరిగి నేను చేస్తానులే."

"శుక్రవారం తర్వాత ఎవరు చేస్తారమ్మా?"

ఆవిడ రిసీవరు భుజానికి నొక్కుకుని ప్రార్థన పుస్తకం వెనక పేజీ తెరిచింది. తర్వాత, "అయితే పెట్టెనే చేయమందాం. ఎలాగో చెప్పు," అంది.

నేను ఉండబట్టలేక అరిచాను. "బుద్ధుందా నీకు? నువ్వొక్కదానివే చేయగలిగిన పని అదొక్కటి మిగిలింది. అది కూడా ఆ పెట్టెకి నేర్పేసి ఇల్లు ఖాళీ చేసి పోతావా? నీ కుర్చీ కాళ్లు నువ్వే కోసుకుంటావా?"

"నన్ను తీసేశాక ఆకు కోయడం మానేస్తారా అరాలీ?" అంది. అంతే.

ముందు ముప్పై ఒక్క షెడ్లకీ తనే ఫోన్ చేసింది. ఒక్కొక్కరికీ ఎంపాకో పెట్టి, తప్పు తనదని చెప్పి, తిట్లన్నీ తిని, కిలోలు రాసుకుని కాగితం నా చేతిలో పెట్టింది. మూడు గంటలకల్లా నా లారీలన్నీ కొండెక్కేశాయి. ఆ రోజు ఆకు దక్కింది. తర్వాత మేనేజరు గదిలోకి వెళ్లి కాల్స్ పట్టీ బల్ల మీద పెట్టి, "కావాలని చేయలేదు సర్. లెక్క తప్పింది నాది," అంది. ఆయన తలెత్తలేదు. "శుక్రవారం మాట్లాడదాం," అన్నాడు.

గురువారం పొద్దున్న టీ గోతాల మధ్య కూర్చుని గొంతు రికార్డు చేసింది. గోతాల మధ్య గొంతు గుల్లగా మోగదట. "ముప్పై ఒక్క మందికి ముప్పై ఒకటి చదువుతావా?" అని వెక్కిరించాను. "ఎంపాకోలు పదకొండే కదా, పదకొండు చాలు," అంది. ఏ నంబరుకి ఏ ఎంపాకో అన్నది పెట్టెలో కట్టింది. మిస్డ్ కాల్ ఇచ్చి పెట్టేసిన పది సెకన్లకి పెట్టె తిరిగి చేస్తుంది. "అటెన్యీ, నేను అకీకిని. మీ కాల్ చూశాను. చెప్పండి," అంటుంది. వాళ్లు చెప్పింది రికార్డై నా ఫోనులో ఎర్ర దీపం వెలుగుతుంది, నేను విని లారీ పంపుతాను.

మొదటి దీపం పైకొండదే. ర్వకైకర ఆరు నిమిషాలు మాట్లాడాడు. మనవడి జ్వరం తగ్గిందని, బుధవారం కేకలేసినందుకు ఏమీ అనుకోవద్దని, ఆ మర్యాద లేని పిల్లని తీసేసి మంచి పని చేశారని, మధ్యమధ్య "వింటున్నావా అకీకీ?" అని కూడా అన్నాడు. కిలోలు మాత్రం చెప్పలేదు. దీన్ని క్యాంటీన్లో అందరికీ వినిపించాం. రుసోకే కూడా అటుగా వెళ్తూ విని, "మెషీనుతో ఎవరైనా మాట్లాడతారా!" అని మూడేళ్లలో మొదటిసారి పైకే నవ్వాడు.

శుక్రవారం వచ్చింది. అకీకి ఆ రోజు చర్చికి కట్టుకునే బట్టలు కట్టుకుని వచ్చింది. బల్ల సొరుగు ఖాళీ చేసి, పాస్‌వర్డు ఒక కాగితం మీద రాసి, దాని కింద షెడ్ల నంబర్లు, ఎవరి ఎంపాకో ఏమిటి, ఎవరింట్లో ఎవరికి బాగోలేదు అన్నది కూడా రాసి కవరులో పెట్టింది. పిలుస్తారని చూసింది. పన్నెండైంది, మూడైంది, పిలుపు లేదు. నేను రెండుసార్లు మేనేజరు తలుపు దాకా వెళ్లి తిరిగొచ్చాను. నాలుగున్నరకి గేటు దగ్గర లారీ తూకం చూసి వచ్చేసరికి నా ఫోనులో ఎర్ర దీపం వెలుగుతోంది. ఏ షెడ్డో అనుకుని ఎత్తాను.

"ఆ... హలో. మిస్డ్ కాల్ ఇచ్చాను, పనిచేస్తుందో లేదో చూద్దామని. నా నంబరు కూడా పెట్టావా ఇందులో? అమూటీ అన్నావు. ఈ ఫ్యాక్టరీలో నన్నెవరూ అలా పిలవరు." కాసేపు ఊపిరి వినిపించింది. "అకీకీ, విను. బుధవారం అందరి ముందు ఆ మాట అనకుండా ఉండాల్సింది. కాల్స్ ఏడో ఎనిమిదో అన్న కాగితం మీద సంతకం నాది. ఒక్క పూట నీ బల్ల దగ్గర కూర్చుని చూసినా తెలిసేది, కూర్చోలేదు. రేపు ఒక షెడ్డులో గుమాస్తా మారితే ఆ పెట్టెకి ఎవరు చెప్తారు? పొద్దుటి నుంచి అదే ఆలోచిస్తున్నాను. నీ ఉద్యోగం ముగింపు కాగితం నా సొరుగులోనే ఉంది. ఇవ్వను. సోమవారం వచ్చి ఫోన్లు చూసుకో. ఇల్లు... ఇల్లు ఎక్కడికీ పోదు. సరేనా?" మళ్లీ నిశ్శబ్దం. "మాట్లాడవేంటి అకీకీ? కోపంగా ఉందా? ఉంటుందిలే." ఫోన్ పెట్టేసిన చప్పుడు.

ముసలాయన మెషీనుతో మాట్లాడాడని నిన్ననే నవ్విన మనిషి! నాకు నవ్వు రావాల్సింది, కళ్లు తడిశాయి. బల్ల అవతల అకీకి ఒళ్లో కవరు పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఇటు రా," అన్నాను. "ఏదో షెడ్డు వాడు నీతో మాట్లాడాలట."

రిసీవరు చెవికి ఆనించుకుని నిలబడే విన్నది. అయిపోయాక మళ్లీ మొదట్నుంచి విన్నది. తర్వాత కవరు చింపి, సొరుగులోంచి తీసిన దువ్వెనా, టీ కప్పూ మళ్లీ సొరుగులో పెట్టుకుంది.

సోమవారం నుంచి ఆవిడ ఆపరేటరు కాదు, టెలిఫోన్ల ఇన్‌ఛార్జి. జీతం అదే. ఆ సంగతి మీద నేను ఇప్పటికీ గొణుగుతాను. రుసోకే ఆ రికార్డింగు మాట ఎన్నడూ ఎత్తలేదు, ఈవిడా ఎత్తలేదు. ఎంపాకోలు వద్దన్న నోటీసు మాత్రం గోడ మీద కనిపించడం లేదు.

ఇది జరిగి రెండేళ్లు. పెట్టెలో ముప్పై రోజులు దాటిన రికార్డింగులు వాటంతటవే చెరిగిపోతాయి. మళ్లీ భద్రం చేస్తే ఇంకో ముప్పై రోజులు ఉంటాయి. ప్రతి నెలా మొదటి రోజు ఆవిడ ఒక్కదాన్నే తీసి మళ్లీ భద్రం చేయడం నేను చూస్తూనే ఉన్నాను. మొన్న ఇక ఆగలేక అడిగేశాను.

"ఉద్యోగం ఉంది, ఇల్లుంది. ఇంకా ఆ పాత మాటలు దాచుకోవడం ఎందుకే? ఆయన మాట తప్పితే చూపిద్దామనా?"

"ఛ, అందుకు కాదు," అంది తెర మీంచి చూపు తిప్పకుండా. "ఇరవై తొమ్మిదేళ్లుగా ఈ ఫ్యాక్టరీకి వచ్చిన ప్రతి ఫోనూ నా చేతుల మీదుగానే పోయింది అరాలీ. అన్నీ ఎవరికో ఒకరికి. ఇదొక్కటే నాకు వచ్చింది."